నడవని బస్సు కనబడుటలేదు

ప్రభుత్వ వస్తువు చెడిపోతే ఏం చేయాలో ప్రభుత్వానికి బాగా తెలుసు. దానికి ఫారాలున్నాయి, గడువులున్నాయి, ఆ గడువులు దాటిపోయాక నింపే మరో రకం ఫారాలూ ఉన్నాయి. కానీ చెడిపోయిన వస్తువు బాగుపడిపోతే ఏం చేయాలన్నది, తాటిగెడ్డ మ్యూజియంలో పదిహేడో నెంబరు బస్సు కదిలేదాకా ఎవరి బుర్రకీ తట్టలేదు. ఆ పాపం పైడయ్యది.

పైడయ్య బస్సు డిపోలో ముప్ఫై ఆరేళ్లు మెకానిక్కుగా పనిచేసి రిటైరైనవాడు. రిటైరైన మూడో రోజు నుంచి ఇంట్లో ఫ్యానూ, మిక్సీ, శుభ్రంగా పనిచేస్తున్న కుట్టుమిషనూ విప్పి మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. వారం ఓపిక పట్టి భార్య ముత్యాలమ్మ, "ఊళ్లో ఇంకేటీ పాడవనేదా, నా కొంప మీద పడ్డావు" అని బయటికి తోలేసింది. అలా తిరుగుతూ తిరుగుతూ మ్యూజియం చేరాడు. ఒకప్పుడు ఉప్పు కొఠారుగా ఉన్న ఆ పెంకుటింట్లో మొత్తం నలభై మూడు వస్తువులున్నాయి. తూకపు రాళ్లూ, ఎవరో తహసీల్దారు ఎక్కిన పల్లకీ, నిప్పులార్పే చేతిపంపూ లోపల ఉంటే, వెనక రేకుల షెడ్డులో పదిహేడో నెంబరు ఉంది. అది బొగ్గు బస్సు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క, బస్సుల వెనకాల పీపా అంత పొయ్యి బిగించి, అందులో బొగ్గు కాల్చి, దాన్నుంచి వచ్చే గ్యాసుతో ఇంజన్ నడిపేవారు. ఆ రకం.

దాన్ని చూసిన రోజు పైడయ్యకి ముద్ద దిగలేదు. పొయ్యి లేదు, పొయ్యికి గాలి కొట్టే చక్రం లేదు, ఇంజన్ బిగుసుకుపోయి ఉంది. బాగుచేస్తానని క్యూరేటరు అవసరాల కామేశం గారిని అడిగితే ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, సరే కానియ్యమన్నాడు. ఆయన మంచివాడు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో పై ఆఫీసుని అడక్కుండా తీసుకున్న నిర్ణయం అదొక్కటే.

పైడయ్య రెండేళ్లు ఆ బస్సు మీదే పడ్డాడు. పోయిన భాగాలు ఊరు దాటి పోలేదని త్వరలోనే తెలిసింది. పొయ్యి పీపా అసిరమ్మ పశువులశాలలో గేదెలకి కుడితి తొట్టిగా ఉంది. గాలి చక్రం కమ్మరి వీరాచారి కొలిమి దగ్గర తిరుగుతోంది. వెనక సీటు టీ కొట్టు ముందు బల్లయింది. ఎవరూ దొంగిలించింది కాదు, ఎవరో పారేస్తే తెచ్చుకున్నారు. పైడయ్య గుమ్మం గుమ్మం తిరిగి అడిగాడు. ఇచ్చినవాళ్లంతా ఒకటే కోరారు. బస్సు కదిలిన రోజు తమని ఎక్కించుకుని, ఊరికి ఆ పేరు తెచ్చిన గెడ్డ వాగు దాటించి, అవతలి రైలు స్టేషను దాకా తిప్పి తేవాలి. పైడయ్య అందరికీ దేవుడి మీద ఒట్టేసి మాటిచ్చాడు. అసిరమ్మ అయితే కుడితి తొట్టి వదిలేముందు ఆ మాట మూడుసార్లు చెప్పించుకుంది.

ఒక శనివారం ఉదయం బస్సు కదిలింది. షెడ్డులోంచి గేటు దాకా నలభై గజాలు వచ్చి, దగ్గి, ఆగింది. పైడయ్య కళ్లు తుడుచుకుంటూ పొగ వల్లనని చెప్పాడు. పొగ వల్ల కాదు, ఆనందం వల్లనే. కామేశం గారికైతే కాలు నేల మీద నిలవలేదు. ఆ ఊపులో ఆయన చేయకూడని పని చేశాడు. పై ఆఫీసుకి ఉత్తరం రాశాడు. పదిహేడవ నెంబరు వస్తువు నడచుచున్నదని తెలియజేయుటకు సంతసించుచున్నాననీ, వచ్చే ఆదివారం ఊరివారితో స్టేషను వరకు తిప్పుటకు అనుమతి ఇప్పించవలసిందనీ అందులో ఉంది.

మరుగుదొడ్డి తలుపు కావాలని రాస్తే మూడేళ్లకి జవాబిచ్చిన ఆఫీసు దీనికి నాలుగు రోజుల్లో జవాబిచ్చింది. ఒకే కవరులో రెండు మెమోలు. స్టాకు రిజిస్టరు ప్రకారం పదిహేడవ నెంబరు నడవని బస్సు కాగా, మీ ఉత్తరం ప్రకారం మీ వద్ద ఉన్నది నడుచు బస్సు గనుక, సదరు నడవని బస్సు ఏమైనదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెనని మొదటి మెమో. రిజిస్టరులో లేని నడుచు బస్సు ఒకటి ప్రభుత్వ ఆవరణలోకి ఎవరి అనుమతితో ప్రవేశించినదో తెలుపవలెనని రెండో మెమో.

కామేశం గారు వాటిని రెండుసార్లు చదివి, మంచినీళ్లు తాగి, పైడయ్యకి కబురు పెట్టాడు.

"ఒకటే బస్సండి బాబూ. ఆ బస్సే ఈ బస్సు" అన్నాడు పైడయ్య.

"నాకు తెలుసు, నీకు తెలుసు. రిజిస్టరుకి తెలీదు కదయ్యా."

సంజాయిషీలో ఆయన నిజమే రాశాడు. నిజం రాసినందుకు పై ఆఫీసు ఆయన్ని మెచ్చుకోలేదు. నడవని బస్సు తన వద్ద లేదని క్యూరేటరు లిఖితపూర్వకంగా అంగీకరించినందున పోలీసు ఫిర్యాదు ఇవ్వాలని ఆదేశించింది. ఆదివారం ప్రయాణం ఆగిపోయింది. ఎస్సై గారు వచ్చారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన శ్రద్ధగల మనిషి. బస్సు బానెట్ మీద కాగితం పెట్టుకుని పోయిన బస్సు ఆనవాళ్లు రాసుకున్నారు. రంగు ఏమిటంటే కామేశం గారూ పైడయ్యా ఇదే రంగన్నారు, పొడవు ఎంతంటే ఇంతే పొడవన్నారు. ఆయన టేపుతో కొలిచి రాసుకున్నారు. తర్వాత పైడయ్య వైపు తిరిగి, ఆ బస్సుని నడవకుండా ఆఖరిసారి ఎప్పుడు చూశావని అడిగారు. శుక్రవారం సాయంత్రమని పైడయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. అప్పుడు దగ్గర ఎవరున్నారని అడిగితే తానేనన్నాడు.

"అంటే నడవని బస్సు మాయమైనప్పుడు నువ్వొక్కడివే ఉన్నావన్నమాట" అని ఎస్సై గారు ఆ వాక్యం కింద గీత గీశారు.

పైడయ్యని ఊరు విడిచి వెళ్లొద్దన్నారు. మర్నాడు పేపర్లో ప్రకటన పడింది. నడవని బస్సు కనబడుటలేదు, ఆచూకీ తెలిసినవారు దగ్గరి పోలీసు స్టేషనులో తెలుపగలరు. సాయంత్రానికల్లా నలుగురు ఫోన్ చేసి తమకి తెలిసిన నడవని బస్సుల ఆచూకీ చెప్పారు. అవన్నీ జిల్లాలోని డిపోల వెనకాలే ఉన్నాయి.

ఇంత జరిగాక సంఘం వేయకపోతే బాగుండదు కదా. యథాపూర్వ స్థితి పునఃస్థాపన సంఘం అని పేరు పెట్టి ముగ్గురిని పంపారు. అధ్యక్షుడు డిప్యూటీ డైరెక్టర్ పురుషోత్తమరావు గారు. నిబంధనల నిపుణురాలు రాజ్యలక్ష్మి గారు. మూడో ఆయన లోహాల నిపుణుడు, మెడలో భూతద్దం వేసుకుని ఉండేవాడు, మాట్లాడేవాడు కాదు.

పురుషోత్తమరావు గారు దయగల అధికారి. ఈ అంశాన్ని నేరదృష్టితో గాక పరిరక్షణ దృష్టితో చూడాలన్నారు. పోయిన నడవని బస్సు యథాస్థితిలో తిరిగి లభిస్తే కేసు మూసివేయవచ్చు, అది లభించిన మరుక్షణం అదనపు బస్సు దానంతటదే లేకుండా పోతుంది, కావున దానిని లభింపజేయండి అని సెలవిచ్చారు. రాజ్యలక్ష్మి గారు రిజిస్టరు తెరిచి, స్థితి అన్న గడిలో ఏముందో పైకి చదివారు. ఎడమ మడ్‌గార్డు మీద తుప్పు, అరచేయి మేర. టైర్లలో గాలి, నిల్. సాలెగూళ్లు, మూడు. డ్రైవరు సీటు చినుగు, జానెడు. సదరు చినుగులో ఎలుక గూడు, ఒకటి. పిల్లలు, నాలుగు.

ముప్ఫై నాలుగేళ్ల క్రితం మొదటి క్యూరేటరు ఒకే ఒక్కసారి షెడ్డులోకి వెళ్లి రాసిన వివరాలవి. ఆ తర్వాత చార్జి తీసుకున్న పదకొండు మందీ దాని కింద 'పైప్రకారం' అని రాసి సంతకం పెట్టారు. అంచేత ఆ ఎలుక పిల్లలు ముప్ఫై నాలుగేళ్లుగా నాలుగే ఉన్నాయి, పిల్లలుగానే ఉన్నాయి.

బస్సుని చెడగొట్టే పనికి నగరంలో ఒక శాస్త్రీయ శిథిలీకరణ సంస్థ ఉందని లోహాల నిపుణుడు ఫొటోలు చూపించాడు. మొదటి ఫొటోలో ఒక రోడ్డు రోలరు, రెండో ఫొటోలో గ్యాస్ కట్టరు పట్టుకున్న ఇద్దరు మనుషులు, మూడో ఫొటోలో కేవలం ఆ ఇద్దరు మనుషులు ఉన్నారు. పైడయ్య మూడో ఫొటో తిరగేసి పెట్టాడు. వాళ్లెందుకు, తానే చేస్తానన్నాడు. బాగుచేసినవాడికి ఏది ఎక్కడుందో తెలుస్తుంది కాబట్టి చెడగొట్టడానికి అతడే అర్హుడని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. నెల రోజులు గడువిచ్చారు.

మొదట తుప్పు సమస్య వచ్చింది. పైడయ్య పాత సామాన్ల కొట్టు నుంచి తుప్పు రేకు తెచ్చి మడ్‌గార్డు మీద అతికించాడు. మధ్యంతర తనిఖీకి వచ్చిన లోహాల నిపుణుడు భూతద్దంతో చూసి మొదటిసారి నోరు విప్పాడు. ఇది సముద్రపు గాలి తుప్పు, కావలసింది పొలాల గాలి తుప్పు అన్నాడు. తుప్పు సరఫరాకి కొటేషన్లు పిలిచారు. ముగ్గురు నమూనాలు పంపితే, ఒకటి మరీ కొత్తగా ఉందని, ఒకటి రాలిపోతోందని తిప్పి పంపారు. మూడోది మంజూరైంది. సాలెగూళ్ల కోసం కామేశం గారు షెడ్డులో చీపురు వాడకాన్ని లిఖితపూర్వకంగా నిషేధించాడు. వారంలో ఏడు గూళ్లయ్యాయి. నాలుగు తీయాలి, తీయడానికి చీపురు నిషేధం. ఆ నిషేధానికి నాలుగు గూళ్ల మేరకు సడలింపు తెచ్చుకునేసరికి మరో పది రోజులు పట్టింది.

ఎలుక గూడు ముత్యాలమ్మకి అటక మీద దొరికింది. దేవుడే ఇచ్చాడని సంతోషంగా గంపలో పెట్టి మొగుడికి పంపింది. లెక్కపెడితే పిల్లలు అయిదున్నాయి. ఎక్కువైన ఒకదాన్ని ఏం చేయాలో తెలియక తనిఖీ రోజున కామేశం గారు తన టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాడు.

అన్నీ అయ్యాయి, ఇంజనొక్కటే మిగిలింది. ఆఖరి రోజున పైడయ్య సుత్తి పట్టుకుని బానెట్ ఎత్తి దాని ముందు కూర్చున్నాడు. ఒక్క దెబ్బ చాలు. ఏ భాగం మీద కొడితే ఇక లేవదో అతనికంటే తెలిసినవాళ్లు జిల్లాలో లేరు. కానీ ముప్ఫై ఆరేళ్లలో ఆ చేతులతో ఒక్క బండినీ చెడగొట్టలేదు. చెయ్యి లేవలేదు. చాలాసేపు కూర్చుని, ఏడుపొచ్చి, సుత్తి పక్కన పెట్టి బానెట్ మూసేశాడు. దొరికిపోతే తన మీద కేసూ, కామేశం గారి ఉద్యోగానికి ముప్పూ అని తెలుసు. తెలిసీ ఆ పని చేయలేకపోయాడు.

తనిఖీ రోజు మధ్యాహ్నం నుంచి వాన. సంఘం తుప్పుని అరచేతితో కొలిచింది. పురుషోత్తమరావు గారి అరచేయి పెద్దది, రాజ్యలక్ష్మి గారిది చిన్నది, సగటు సరిపోయింది. సాలెగూళ్లు మూడు, పిల్లలు నాలుగు. ఇక బస్సు నడవకపోవడాన్ని పరీక్షించాలి. పురుషోత్తమరావు గారు డ్రైవరు సీట్లో ఎలుకలకి కొంచెం ఎడంగా కూర్చుని, నొక్కడానికి వీలైనవన్నీ నొక్కారు, లాగడానికి వీలైనవన్నీ లాగారు. లోహాల నిపుణుడు ముందు హేండిల్ రెండుసార్లు తిప్పి భుజం పట్టుకున్నాడు. బస్సు ఉలకలేదు. పొయ్యి రాజెయ్యకుండా అన్నం ఉడకదని ఇంట్లో తెలిసిన ఆ ముగ్గురికీ ఆఫీసు పని మీద ఉండగా ఆ సంగతి గుర్తుకు రాలేదు. పైడయ్యని ఎవరూ ఏమీ అడగలేదు. అడగకుండా ఏమీ చెప్పకూడదని అతను ఎస్సై గారి దగ్గర నేర్చుకున్నాడు.

పురుషోత్తమరావు గారు సంతృప్తి చెందారు. బస్సు నడవదని ధ్రువీకరించే పత్రం ఆరు ప్రతులు టైపు చేయించారు. సంతకం పెడదామని కలం తీసేసరికి వాళ్ల కారు డ్రైవరు తడిసి ముద్దయి వచ్చాడు. గెడ్డ పొంగి కాజ్‌వే మీద మోకాలి లోతు నీళ్లు పారుతున్నాయని, తన కారు కొత్త రకమనీ, నీళ్లు తగిలితే దానంతటదే లాక్ అయిపోయి కంపెనీవాళ్లు వచ్చేదాకా తెరుచుకోదనీ చెప్పాడు. రైలు అయిదూ నలభైకి. అధ్యక్షుల వారి మొహంలో రంగు మారింది. మర్నాడు పది గంటలకి రాజధానిలో ఆయన ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది. తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్నది. ఆయన కలం జేబులో పెట్టేసి వరండాలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు. గెడ్డ తగ్గడానికి ఎంతసేపు పడుతుందని కనబడినవాళ్లనల్లా అడిగారు. రేపు మధ్యాహ్నానికి అని అందరూ చెప్పారు.

పైడయ్య స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు. నోరు మూసుకుంటే బస్సు దక్కుతుంది, కాగితం రేపు పొద్దున్నయినా సంతకమవుతుంది. ఆ సంగతి అతనికి స్పష్టంగా తెలుసు. కానీ ప్రయాణికుడు రోడ్డు మీద నిలబడిపోతే డిపో మనిషి చూస్తూ ఊరుకోలేడు.

"బాబూ, ఓ అరగంట ఓపిక పడితే స్టేషన్ కాడ దించేస్తాను" అన్నాడు.

"దేంట్లో?"

పైడయ్య షెడ్డు వైపు చూశాడు. పురుషోత్తమరావు గారికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "అది నడవదు కదయ్యా. ఇప్పుడే పరీక్షించాం."

"కాయితం మీద నడవదు బాబూ. గెడ్డ మాత్రం దాటేస్తాది."

కామేశం గారు కళ్లు మూసుకున్నాడు. కేసూ, మెమోలూ, ఇంటర్వ్యూ అన్నీ ఇప్పుడే తేలాలి. అప్పుడు రాజ్యలక్ష్మి గారు గొంతు సవరించుకున్నారు. పరిశీలన నిమిత్తం సంఘ సభ్యులు వస్తువులో కూర్చోవచ్చునని నిబంధన ఉందన్నారు. కూర్చున్న సమయంలో సదరు వస్తువు ఏ ప్రదేశంలో ఉండాలన్నది నిబంధనలో ఎక్కడా లేదన్నారు.

పురుషోత్తమరావు గారు గడియారం చూసుకున్నారు. "పరిశీలన ఇంకా పూర్తి కాలేదు. కొనసాగిద్దాం" అన్నారు.

పైడయ్య టైర్లకి గాలి కొట్టి, ఎలుక గూడుని గంపతో సహా ఆఫీసు గదిలో దించి, టీ కొట్టు నుంచి బొగ్గు తెప్పించి పొయ్యి రాజేశాడు. చక్రం రొద విని వీరాచారి కొలిమి వదిలేసి వచ్చి, తనే తిప్పుతానని పట్టుకున్నాడు. పొగ చూసి మిగతావాళ్లు వచ్చారు. అసిరమ్మ తలమీద గోనె కప్పుకుని వచ్చి, ఎవరినీ అడక్కుండా ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ప్రభుత్వ పరిశీలనలో ప్రజలేమిటని పురుషోత్తమరావు గారు నొసలు చిట్లిస్తే, పంచనామాకి సాక్షులు కావాలని రాజ్యలక్ష్మి గారు గుర్తుచేశారు. సాక్షులు పద్నాలుగు మంది తేలారు. క్యూరేటరు హోదాలో కామేశం గారూ ఎక్కాడు. పైడయ్య పొయ్యి నుంచి వచ్చే సన్న గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీసి పెట్టాడు. నీలం మంట నిలిచింది. గ్యాసు సిద్ధం. హేండిల్ మూడో తిప్పుకి బస్సు ఒళ్లంతా వణికి అందుకుంది.

గెడ్డలో దిగినప్పుడు నీళ్లు మెట్టు మీదికొచ్చాయి. పైడయ్య గేరు మార్చకుండా, తొందరపడకుండా నడిపాడు. రైలు ఎక్కాక సంతకాలు కుదరవని రాజ్యలక్ష్మి గారు ఆ నీళ్ల మధ్యలోనే ఆరు ప్రతులూ తీసి అధ్యక్షుల వారి ఒళ్లో పెట్టారు. సదరు బస్సు నడవదని స్వయముగా పరీక్షించి ధ్రువీకరించడమైనది అన్న వాక్యం కింద ఆయన సంతకం పెట్టబోయిన ప్రతిసారీ బస్సు ఎగిరింది. ఆరు ప్రతుల మీదా ఆరు రకాల సంతకాలు పడ్డాయి. మిగతా ఇద్దరూ సీటు కమ్మీ పట్టుకుని తమవీ పెట్టారు. రాజ్యలక్ష్మి గారు సంచిలోంచి సీలు తీసి కొట్టారు.

స్టేషనులో రైలు అప్పుడే ఆగుతోంది. పురుషోత్తమరావు గారు పైడయ్య చేతిలో ఒక ప్రతి పెట్టారు. దిగేముందు, ఎవరూ చూడటం లేదనుకుని, ఇత్తడి హారన్ ఒకసారి నొక్కారు.

"చాలా తృప్తికరంగా నడవడం లేదు. ఇకమీదట ఈ స్థితిని ఇలాగే కాపాడండి" అని పరుగెత్తారు.

తిరుగు ప్రయాణంలో వాన తెరిపిచ్చింది. వెనక సీట్లో ఎవరో పాటందుకున్నారు. అసిరమ్మ ముందుకొచ్చి డ్రైవరు వెనక నిలబడి, "ఏటో అనుకున్నాను గానీ, మాట నిలబెట్టినావు పైడియ్యా" అంది. పైడయ్యకి రెండేళ్ల కష్టం, నెల రోజుల భయం ఒక్కసారిగా దిగిపోయాయి. రోడ్డు సరిగ్గా కనబడక బస్సు కొంచెం నెమ్మది చేశాడు.

నెమ్మది చేయడం మంచిదయింది. గెడ్డ ఇంకా దాటకముందే, స్టేషను వైపు మలుపులో బ్రేక్ ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి నిలబడ్డాడు, పక్కన ఇద్దరు కానిస్టేబుళ్లు. బస్సు ఆగింది, ఇంజనూ ఆగింది. పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితం చూపించమన్నాడు ఇన్‌స్పెక్టరు. పైడయ్య దగ్గర ఉన్న కాగితం ఒక్కటే. అదే ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు చదివాడు. బస్సు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి మళ్లీ చదివాడు. మూడు సంతకాలూ, సీలూ వేలితో తడిమి చూశాడు. సీలు ఇంకా ఆరలేదు.

"నడవని బండికి ఇవేవీ అక్కర్లేదు, నిజమే. మరి రోడ్డు మీద ఏం చేస్తోంది?" అన్నాడు.

ఇరవై ఏడేళ్ల సర్వీసులో కామేశం గారు ఎవరి మొహమూ చూడకుండా, ఎవరి అనుమతీ లేకుండా జవాబు చెప్పింది అప్పుడే. "నడవడం లేదండి" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆగిపోయిన బస్సు వైపు చూశాడు. ఆయన మొహం నెమ్మదిగా వెలిగింది. పేపర్లో వేసిన బస్సు ఇదేనా అని అడిగాడు. ఇదేనన్నారు పద్నాలుగు మంది సాక్షులూ. ఆయన వెంటనే పుస్తకం తీసి, నెల రోజులుగా పోలీసులకి దొరకని నడవని బస్సు తన తనిఖీలో రోడ్డుకి అడ్డంగా, ప్రయాణికులతో సహా లభించినదనీ, రాకపోకలకి అంతరాయం దృష్ట్యా తొలగించడమైనదనీ రాసుకున్నాడు. తొలగించడానికి కానిస్టేబుళ్లు చాలలేదు. టోపీ తీసి పక్కన పెట్టి తానూ భుజం ఆనించాడు. ఇరవై గజాలకి ఇంజన్ అందుకుంది. తాను కనిపెట్టిన బస్సు గెడ్డ దాటి, మలుపు తిరిగి మళ్లీ కనబడకుండా పోయేదాకా ఆయన సెల్యూట్ దించలేదు.